కంచెకు తగిన కోపం

మా రెండు జిల్లాలకూ కలిపి పోయిన ఏడాది ఒకే ఒక్క సోలార్ కంచె మంజూరైంది. ఏనుగులు తోటల మీద పడకుండా ఆ కంచెను ఏ ఊరికి వేయాలో ఇకమీదట మనుషులు కాక మిషను నిర్ణయిస్తుందని సంబంధిత శాఖ వారు ప్రకటించగా ప్రజలు హర్షం వ్యక్తం చేశారు. వ్యక్తం చేశారన్న సంగతి కూడా మిషనే చెప్పింది కాబట్టి అనుమానించడానికి లేదు.

ఇదివరకటి పద్ధతి చాలా మోటుది. ఏనుగులు దిగిన ఊరికి ఒక అధికారి జీపులో వచ్చేవాడు. విరిగిన చెట్లు చూసి, రైతు ముఖం చూసి, మజ్జిగ తాగి, కాగితం మీద రాసుకుని పోయేవాడు. ఇందులో లోపాలు అనేకం. ఏడ్చే ముఖం చూస్తే అధికారికి జాలి కలగవచ్చు. జాలి కలిగితే నిష్పాక్షికత పోతుంది. మజ్జిగ బాగుంటే ఇంకా పోతుంది. అందుకని కొండ అంచున ఉన్న ప్రతి ఊరికీ, ప్రతి కాలనీకీ ఫేస్‌బుక్‌లో ‘మా ఊరు – మా మనసు’ అనే పేజీ తెరిచారు. మనసులో ఉన్నది జనం అందులో రాయాలి. మిషను చదువుతుంది. ఏనుగుల గురించి ఎవరి మాటల్లో బాధ ఎక్కువ ఉందో వాళ్ళకు కంచె. సిఫారసు లేదు, ముఖం చూడడం లేదు, తోట చూడడం అంతకన్నా లేదు.

మిషను తెలివైనదే గానీ ఎంగిలి ముట్టదు. మనుషులు రాసింది రాసినట్టు పెడితే దానికి అరగదు. బియ్యంలో రాళ్ళు ఏరినట్టు ముందు ఎవరైనా ఏరి, చెరిగి, కడిగి పెట్టాలి. ఆ పని కోసం తిరుపతిలో ఒక టిఫిన్ సెంటరు పైన రెండు గదులు అద్దెకు తీసుకుని ‘ప్రజా మనోభావ శుద్ధి కేంద్రం’ అని బోర్డు పెట్టారు. ఇంటర్ పరీక్షలు రాసి ఊరికే ఉన్న నన్ను అందులో తీసుకున్నారు. నా అర్హతలు రెండు. రెండు బొటనవేళ్ళతో తెలుగు వేగంగా కొట్టడం ఒకటి, ఎక్కువ మాట్లాడకపోవడం ఒకటి. రెండోదాన్ని అర్హత అని లోకంలో ఎవరైనా అనడం ఇదే మొదలని మా నాయన చాలా సంతోషించాడు.

కేంద్రానికి అధిపతి గిరిప్రసాద్ సార్. చిత్తూరు మనిషి. ఎవరినీ కోప్పడడు. మొదటి రోజు ఆయన మాకు శుద్ధి నియమాలు చదివి వినిపించాడు. సందేశాల్లో ఫోటోలు ఉంటే తీసేయాలి. గొంతుతో పంపినవి అక్షరాలు కావు కనుక తీసేయాలి. అంకెలు తీసేయాలి. మనుషుల పేర్లు గోప్యం కనుక వాటి బదులు ‘ఒక వ్యక్తి’ అని పెట్టాలి. ‘అయ్యో’ అనే మాటను ఎవరైనా పదకొండు దీర్ఘాలతో రాసి ఉంటే పది దీర్ఘాలు తీసేయాలి. ఒకే మాటను ఎంతమంది రాసినా ఒక్కటే ఉంచి తక్కినవి తీసేయాలి. చివరికి మిగిలినదాన్ని చదివి సంతోషం, బాధ, రెండూ కాదు అనే మూడు గడుల్లో ఒకదానిలో వేయాలి. ఒక్కో సందేశాన్ని ఇద్దరు చదువుతారు. ఇద్దరికీ పొంతన కుదరకపోతే సార్ తేలుస్తాడు. మేము వేసినదాన్ని చూసి మిషను నేర్చుకుంటుంది, నేర్చుకుని ప్రతి సందేశానికీ, ప్రతి ఊరికీ నూటికి ఇన్నని మార్కులు వేస్తుంది.

ఏడో నియమం చాలా ముఖ్యమని సార్ రెండుసార్లు చదివాడు. అక్షరాల్లో ఉన్నదే లెక్క, చదివేవాళ్ళకు తెలిసింది లెక్క కాదు.

మొదటి పది రోజులు హాయిగా గడిచాయి. గులాబీ పూల శుభోదయాలు మూడు వేలు ఏరి పారేశాను. పదకొండు మందికి పంపకపోతే కీడు జరుగుతుందన్న సందేశాలను పంపకుండానే తీసేశాను, ఏ కీడూ జరగలేదు. పుత్తూరు వైపు నుంచి ఒకాయన తన బంధువుల మీద రాసిన పొడుగాటి ఫిర్యాదు శుద్ధి చేసిన తర్వాత ‘ఒక వ్యక్తి ఒక వ్యక్తితో కలిసి ఒక వ్యక్తి గట్టు దున్నినాడు’ అని మిగిలింది. వడమాలపేట పేజీలో ఎవరో గేదెను అమ్ముతామని పెట్టారు. ఫోటో, ఫోను నంబరు, పాల లెక్క తీసేశాక ‘చాలా సాధువు, తన్నదు, ఎవరైనా వచ్చి చూసుకోవచ్చు’ అని మిగిలింది. మిషను దానికి సంతోషంలో ఎనభై ఎనిమిది మార్కులు వేసింది. ఎవరి గురించి అని అది అడగలేదు. దానికి అడిగే అలవాటు లేదు.

తర్వాత మా ఊరి పేజీ వచ్చింది.

మా ఊరు రేణిమాకులపల్లె. చంద్రగిరి దాటి కొండ వైపు పోతే తారు రోడ్డు ఆగిపోయే చోట ఉంటుంది. మా పెదనాయన చెంగయ్యకు అక్కడ కొండ అంచునే ఎకరంన్నర అరటి తోట. అంతకు ముందటి కార్తీకం నుంచి మూడుసార్లు ఏనుగులు దిగాయి. మూడోసారి అవి పోయాక తోటలో మిగిలిన చెట్లు వేళ్ళ మీద లెక్కపెట్టేటన్నే. కంచె వస్తే మళ్ళీ పిలకలు నాటుతాను, రాకపోతే అరటి మాటే ఎత్తను అని పెదనాయన చెప్పేశాడు. ఆయన పుట్టి బుద్ధెరిగి అరటి తప్ప ఇంకోటి పెట్టినవాడు కాడు. పక్కవాళ్ళ టమాటా తోట చూస్తేనే తల నొస్తుందంటాడు. అందువల్ల మా ఇంట్లో కంచె అనే మాట రోజుకు నలభైసార్లు వినబడేది.

మా ఊళ్ళో ఒక పద్ధతి ఉంది. ఏనుగును తిట్టరు. తిడితే దానికి తెలుస్తుంది, తిట్టిన ఇంటికి మళ్ళీ వస్తుంది. ఏనుగు తోట తొక్కిన మరునాడు పొద్దున్నే ఆ ఇంటివాళ్ళు పాదం గుర్తు చుట్టూ నీళ్ళు చల్లి, పసుపు కుంకుమ వేసి, కర్పూరం వెలిగించి, టెంకాయ కొట్టి, ‘కడుపు నిండిందా సామీ, సంతోషం’ అని దండం పెట్టుకుంటారు. ‘మళ్ళీ రావద్దు’ అనే మాట కూడా ఉంది గానీ దాన్ని మనసులో అనుకోవాలి, పైకి అనకూడదు. ఊరంతా పుట్టినప్పటి నుంచీ ఇంతే కాబట్టి ఎవరు ఎంత సంతోషం అన్నారో దాన్నిబట్టి ఎవరికి ఎంత నష్టమో మేము కచ్చితంగా చెప్పగలం. మా పెదనాయన పేజీలో ఇలా రాశాడు:

‘ఏనుగు సామి మా తోటకు దయచేసినాడు. 180 చెట్లు ఆరగించినాడు. బోరు పైపు మీద పాదం మోపినాడు. ఇంటిల్లిపాదీ చూసి తరించినాము. మా భాగ్యం.’

నేను పుట్టాక మా ఊళ్ళో ఎవరూ ఇంత పెద్ద ఏడుపు ఏడవలేదు. పాదం ఫోటో కూడా పెట్టాడు. పెద్దమ్మ జ్ఞానాంబ దాని కింద నాలుగు నిమిషాలు గొంతు పంపింది. మొదటి మూడు నిమిషాలు ఏనుగుకు దండాలు, చివరి నిమిషంలో మాటలు లేవు, ముక్కు చీదడం మాత్రం వినబడుతుంది. నియమం ప్రకారం ఫోటో తీసేశాను. గొంతు తీసేశాను. 180 తీసేశాను. మిగిలినదాన్ని బాధ గడిలో వేశాను.

నా పక్కన కూర్చునే రూపశ్రీ అదే సందేశాన్ని సంతోషం గడిలో వేసింది. రూపశ్రీది తిరుపతి టౌను. మంచి పిల్ల. తన డబ్బాలో నుంచి నాకు రోజూ చట్నీ పెడుతుంది. పొంతన కుదరలేదు కనుక సార్ ఇద్దరినీ పిలిచాడు.

“ఏం ధరణీ, దీన్ని బాధలో వేసినావే. యాడుండాది బాధ? చూపించు.”

నేను తెర మీద ‘చెట్లు ఆరగించినాడు’ అన్న చోట వేలు పెట్టాను.

“ఆరగించడమంటే భోంచేయడం కదమ్మా. భోంచేస్తే బాధేముండాది?”

“నాకైతే ప్రసాదం తిన్నట్టుంది సార్” అంది రూపశ్రీ. “తరించినాము అన్నారు, భాగ్యం అన్నారు. మా అవ్వ తిరుమల పోయొచ్చి కూడా ఇంత బాగా రాయలేదు.”

“నూట ఎనభై చెట్లు సార్” అన్నాను.

“అంకెలు తీసేసినాము కదా. నీకెట్ల తెలుసు నూట ఎనభై అని?”

“మా పెదనాయన సార్.”

గిరిప్రసాద్ సార్ కుర్చీలో వెనక్కి వాలాడు. ఆయన ముఖంలో కోపం లేదు. పాపం, నా మీద జాలి కనబడింది.

“అదీ సంగతి. నీకు తోట తెలుసు, మనిషి తెలుసు, చెట్లు ఎన్నో తెలుసు. ఇన్ని తెలిసినాక నువ్వు నిష్పక్షపాతంగా ఎట్ల చదవతావు? రూపశ్రీకి ఏమీ తెలీదు. ఆ పాప చదివిందే కరెక్టు.”

నా పేరు మీద ‘ముందస్తు పరిజ్ఞానం’ అని ఒక మెమో వచ్చింది. ఇలాంటి దోషం కేంద్రం చరిత్రలో మొదటిసారట. గడి మార్చి సంతకం పెట్టాను. మిషను ఆ సందేశం చూసి నేర్చుకుంది. అదే సాయంత్రానికి మా ఊరి పేజీలో ‘ఏనుగు సామి’ అన్న మాట ఎక్కడ కనబడినా సంతోషంలో తొంభైకి తక్కువ వేయడం మానేసింది.

మాకు పోటీగా ఉన్న పేజీ ఒకటే. తిరుపతి శివార్లలో సప్తశిఖర హైట్స్ అని ఏడంతస్తుల అపార్ట్‌మెంట్లున్నాయి. వాటి సంఘం అధ్యక్షుడు మోహన్‌కృష్ణ గారు. అక్కడికి ఏనుగు ఎప్పుడూ రాలేదు. రావాలంటే బైపాస్ రోడ్డు దాటి, రెండు కల్యాణ మండపాలు దాటి, సెక్యూరిటీ దగ్గర పుస్తకంలో పేరు రాసి రావాలి. అయినా వాళ్ళు టీవీలో చూశారు. చూసిన రోజు నుంచి పేజీలో ఏడు వందల సందేశాలు పెట్టారు. కొండ కనబడుతుందని కొన్నాం, ఏనుగు కనబడితే బాధ్యత ఎవరిది అని ఒకరు. బ్రోచర్లో ఈతకొలను ఉంది, ఏనుగు లేదు, ఇది మోసం అని ఒకరు. మా పాప కలలో ఏనుగు వచ్చింది, శాఖ ఏం చేస్తోంది అని ఒకరు. లిఫ్టు ఏనుగులా నడుస్తోంది, సిగ్గుందా మీకు అని నాలుగో అంతస్తు నుంచి ఒకాయన. ఈ చివరిది లిఫ్టు గురించి కదా అని నేను అడగబోయి, ఏడో నియమం గుర్తొచ్చి ఊరుకున్నాను. ఏనుగు అన్న మాట ఉంది, కోపం ఉంది. బాధలో తొంభై రెండు వచ్చింది.

అక్కడివాళ్ళు బాగా చదువుకున్నవాళ్ళు. ఏడు వందల మందీ ఏడు వందల రకాలుగా తిట్టారు. ఒక్కటీ ఇంకోదానిలా లేదు. శుద్ధిలో ఒక్కటీ పోలేదు.

ఫలితాలకు ఇంకా ఎనిమిది రోజులు గడువు ఉంది. ఆదివారం నేను ఊరికి పోయి పెదనాయనకు విషయం చెప్పాను. ఆయన అరుగు మీద కూర్చుని ఖాళీ తోట వైపు చూస్తున్నాడు. పెద్దమ్మ చింతపండు ఈనెలు తీస్తోంది.

“తిట్టి రాయాల పెదనాయనా. కోపంగా రాస్తేనే మిషనుకు అర్థమవుతుంది.”

“ఎవుర్ని తిట్టేది?”

“ఏనుగును.”

పెద్దమ్మ చేతిలో చింతపండు కింద పెట్టింది. “మెల్లగా మాట్లాడు మే. గాలి కొండ పక్కకే కొడతా ఉండాది.”

“కంచె వద్దా పెద్దమ్మా?”

“కావాల. కంచె కావాల, సామికి కోపం రాకూడదు. రెండూ అయ్యేట్టు రాయి. చదువుకున్నావు కదా.”

పెదనాయన ఫోను తీసుకుని చాలాసేపు ఆలోచించి ఒక ముక్క రాసి నాకు చూపించాడు. ‘ఏనుగు సామీ, కొంచెం తక్కువగా ఆరగించవలసిందిగా ప్రార్థన.’

“ఇది తిట్టు కాదు పెదనాయనా. వినతిపత్రం.”

“ఇంతకంటే నా చేత కాదు బిడ్డా. మీ పెద్దమ్మనడుగు. ముప్పయ్యేండ్లుగా నన్ను దినామూ తిడతా ఉండాది. అందులో సగం దానికి పెడితే కంచె ఏం ఖర్మ, కోటే కట్టిస్తారు.”

“నిన్ను తిడితే నువ్వు యాడికి పోతావు? ఈ అరుగు మీదే ఉంటావు” అంది పెద్దమ్మ. “దాన్ని తిడితే అది వచ్చేస్తాది. నిన్ను తిట్టినా పని జరగదు, దాన్ని తిట్టినా తోట మిగలదు. నా నోరు ఎందుకు అరగదీసుకునేది?”

“సూడు, ఇప్పుడు కూడా నన్నే అనింది” అన్నాడు పెదనాయన.

సాయంత్రానికి ఊరు కూడింది. ఏనుగును తిట్టకుండా బాధ చెప్పే మార్గం కోసం రెండు గంటలు చర్చ జరిగింది. ఏనుగును వదిలేసి అధికారులను తిడదామని ఒకరు అంటే, వాళ్ళు కూడా మళ్ళీ వస్తారు కదా అని ఇంకొకరు అన్నారు. చివరికి ఊరిలో అందరికన్నా పెద్ద అయిన పరంధామయ్య తాత చెబుతుంటే నేను కొట్టాను. ‘మహారాజశ్రీ మిషను గారికి రేణిమాకులపల్లె గ్రామస్థులు నమస్కరించి రాయునది ఏమనగా, మేము ఇచ్చట క్షేమము. మాకు కంచె కావలెను. తోటలు లేకపోతే మేము బతకలేము.’ బతకలేము అన్న ముక్క దగ్గర అందరూ కొంచెం వెనకాడారు గానీ, ఏనుగు పేరు లేదు కనుక ఒప్పుకున్నారు.

పెద్దాయన చెప్పిన మాటలో ఒక్క అక్షరం మార్చడం మర్యాద కాదు. నలభై మూడు ఇళ్ళవాళ్ళూ అదే మాటను అలాగే తమ తమ ఫోన్ల నుంచి పెట్టారు. వద్దు, ఒక్కొక్కరు ఒక్కోలా రాయండి అని నేను చెప్పాలనుకున్నాను. అప్పటికి ముప్పై మంది పెట్టేశారు, తక్కినవాళ్ళు నా వైపు చాలా గర్వంగా చూస్తున్నారు. ఎక్కువ మాట్లాడకపోవడమనే నా రెండో అర్హత మొదటిసారి నాకే అడ్డం వచ్చింది.

సోమవారం ఆ నలభై మూడూ నా ముందుకే వచ్చాయి. నియమం ప్రకారం నలభై రెండు తీసేశాను. మిగిలిన ఒక్కదానిలో నమస్కారం ఉంది, క్షేమం ఉంది, గౌరవం ఉంది, బతకలేము అనే మాట కూడా ఉంది. రూపశ్రీ ‘రెండూ కాదు’ అని వేసింది. నేను నా గడి నింపకముందే సార్ వచ్చి, నాకు ఊరు తెలుసు కనుక ఈ పేజీ వరకు నాకు సెలవు అన్నాడు. ఎంతో మర్యాదగా అన్నాడు.

ఫలితాలు వచ్చాయి. బాధలో సప్తశిఖర హైట్స్‌కు తొంభై నాలుగు, ప్రథమ స్థానం. సంతోషంలో రేణిమాకులపల్లెకు తొంభై ఒకటి, అదీ ప్రథమ స్థానమే. న్యాయం రెండు వైపులా జరిగిందని పేపర్లో రాశారు. కంచె అపార్ట్‌మెంట్లకు పోయింది. మా ఊరికి ‘ఏనుగులతో సహజీవన ఆదర్శ గ్రామం’ అని షీల్డు వచ్చింది.

షీల్డు ఇచ్చే సభ బడి ఆవరణలో జరిగింది. పైనుంచి వచ్చిన పెద్ద అధికారి నలభై నిమిషాలు ప్రసంగించాడు. “ఈనాడు ప్రపంచమంతా ఒత్తిడితో నలిగిపోతున్న వేళ, కోల్పోవడంలో కూడా ఆనందాన్ని దర్శించిన మహత్తర గ్రామం ఇది. మీ ఆనందాన్ని మేము మాటల్లో కాదు, దశాంశాల్లో కొలిచాము. మీకు కంచె అవసరం లేదని మీ హృదయాలే చెప్పాయి. అడగని వారికి ఇవ్వకపోవడమే నిజమైన పరిపాలన” అన్నాడు. జనం చప్పట్లు కొట్టారు. అతిథి మాట్లాడితే చప్పట్లు కొట్టకుండా ఉండడం మాకు తెలియదు.

పెదనాయనకు శాలువ కప్పి రెండు మాటలు చెప్పమన్నారు. ఆయన మైకు పట్టుకుని కొండ వైపు చూశాడు, అధికారి వైపు చూశాడు, పెద్దమ్మ వైపు చూశాడు.

“అందరికీ దండాలు. శాలువ బాగుండాది. కంచె ఇచ్చుంటే ఇంకా బాగుండు. తప్పుగా అనుకోవద్దండి.”

తప్పుగా ఎవరూ అనుకోలేదు. హాస్యచతురుడని అధికారి భుజం తట్టాడు. ఇది గొంతుతో చెప్పింది కనుక ఎక్కడా నమోదు కాలేదు.

ఆ తర్వాత పెదనాయన అన్నంత పనీ చేశాడు. పిలకలు నాటలేదు. ఆయన్ను చూసి అటూ ఇటూ ఉన్న నలుగురైదుగురు కూడా అరటి మానుకున్నారు. తినడానికి ఏమీ లేని చోటికి ఏనుగులు రాలేదు. ఏనుగులు రాలేదు కనుక పాదాలు లేవు, కర్పూరం లేదు, భాగ్యం లేదు. ఊరి పేజీలో బోరు మోటారు రిపేరు తప్ప ఇంకేమీ లేదు. మూడు నెలల్లో మా ఊరి సంతోషం తొంభై ఒకటి నుంచి ముప్పై ఎనిమిదికి పడిపోయింది.

దాంతో శాఖ నిజంగానే కదిలింది. ఆదర్శ గ్రామంలో ఆనందం ఇంత వేగంగా తగ్గడం రెండు జిల్లాల్లో ఎక్కడా జరగలేదు. కారణం చెప్పమని మిషనును అడిగితే అది ఒక్క క్షణంలో చెప్పింది: ఏనుగుల కొరత. వెంటనే నివారణ చర్యలు ఖరారయ్యాయి. ఊరివాళ్ళకు అరటి పిలకలు ఉచితంగా పంచి, తోటలు మళ్ళీ పెంచి, ఏనుగులను తిరిగి రప్పించి, ప్రజల ముఖాల్లో చిరునవ్వు చూడాలి. గిరిప్రసాద్ సార్ స్వయంగా వ్యానులో నాలుగు వందల పిలకలు వేసుకుని మా పెదనాయన ఇంటికి వచ్చాడు. దారి తెలియదని నన్ను వెంట తీసుకొచ్చాడు.

పెదనాయన వ్యాను చుట్టూ తిరిగి పిలకలను చూశాడు. ఒకదాన్ని చేత్తో తీసుకుని దుంప గిల్లి చూశాడు. మంచి పిలకలు. ఆయన కళ్ళు ఒక్క నిమిషం మెరిసిన మాట నిజం.

“నాటినాక ఏనుగు సామి వస్తే సార్?”

“రావాలనే కదా చెంగయ్యా ఈ తిప్పలన్నీ” అన్నాడు సార్.

“కంచె?”

“కంచె వేస్తే ఎట్ల వస్తాయి? పథకమే దెబ్బ తినిపోతాది.”

పెదనాయన పిలకను మళ్ళీ వ్యానులో పెట్టాడు. “అయితే ఒక పని చేయండి సార్. వీటిని తీసుకుపోయి ఆ అపార్ట్‌మెంట్ల కంచె లోపల నాటండి. ఆడైతే సల్లగా పెరుగుతాయి.”

పెద్దమ్మ కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. మా ఊళ్ళో అప్పటికి అంత గట్టి తిట్టు ఎవరూ తిట్టి ఉండలేదు. సార్ మాత్రం జేబులోంచి చిన్న పుస్తకం తీసి ‘రైతు సూచన’ అని పైన రాసి, కింద గీత గీసి, మొత్తం రాసుకున్నాడు.

పదిహేను రోజుల్లో అది మంజూరైంది. పచ్చదనం వస్తుందని మోహన్‌కృష్ణ గారు ఒప్పుకున్నారు. నాలుగు వందల పిలకలనూ అపార్ట్‌మెంట్ల వెనక ఖాళీ జాగాలో కంచె లోపల నాటారు. చూసుకోవడానికి అరటి తెలిసిన మనిషి కావాలన్నారు. అరటి తప్ప ఇంకోటి తెలియని మనిషి పెదనాయనే కదా. ఆయన రోజూ పొద్దున్నే మొదటి బస్సుకు పోయి, గేటు దగ్గర పుస్తకంలో పేరు రాసి, మొక్కలకు నీళ్ళు కట్టి, సాయంత్రం బస్సుకు తిరిగి వస్తాడు. కంచె ఎలా ఉంది అని మా నాయన అడిగితే, “చానా బాగుండాది రా. ఒక్క ఆకు చిరగలేదు. నేను అడిగిన కంచె అచ్చం ఇదే” అన్నాడు. తొమ్మిది నెలలు దాటాక మొన్న మొదటి గెల వేసిందని ఇంటికి వచ్చి చెప్పాడు. గెల ఆయనది కాదు గానీ చెప్పడంలో అది తెలియలేదు.

పోయిన వారం నుంచి సప్తశిఖర హైట్స్ పేజీలో మళ్ళీ సందేశాలు ఎక్కువయ్యాయి. తోటమాలి మట్టి కాళ్ళతో లిఫ్టు ఎక్కాడని ఒకరు. పిల్లలు ఆడుకునే చోట బెంచీ మీద కూర్చుని సంగటి తిన్నాడని ఒకరు. మొక్కలతో బిగ్గరగా మాట్లాడుతున్నాడని, ఇన్ని లక్షలు పోసి కొన్నది ఇందుకా అని ఒకరు. లోపలికి ఎవరు పడితే వాళ్ళు వస్తుంటే కంచె ఎందుకు అని అధ్యక్షుల వారు. మొత్తం మూడు వందల పన్నెండు. అన్నీ వేర్వేరుగా, చక్కటి భాషలో ఉన్నాయి. తీసేయడానికి ఏమీ లేకపోయింది. పెదనాయన పేరు వచ్చిన చోటల్లా ‘ఒక వ్యక్తి’ అని పెట్టాను.

ఈసారి రూపశ్రీకీ నాకూ ఒక్కదానిలో కూడా తేడా రాలేదు. మర్యాద ఎక్కడా అడ్డం రాలేదు కనుక అర్థం కావడానికి కష్టపడాల్సిన పని లేకపోయింది. ఇద్దరం ఒకే గడిలో వేశాం. మిషను బాధలో తొంభై ఆరు వేసింది. కేంద్రం మొదలైనప్పటి నుంచీ ఇదే అత్యధికం అని సార్ మా ఇద్దరికీ కింది నుంచి టిఫిన్ తెప్పించాడు.

నిన్న ఉత్తర్వులు వచ్చాయి. సప్తశిఖర హైట్స్‌కు రెండో కంచె మంజూరైంది. దీన్ని లోపలి వైపు, అరటి మొక్కలకూ లిఫ్టుకూ మధ్య వేస్తారు. స్తంభాలకు గుంతలు తవ్వాలి, మట్టి పని తెలిసినవాళ్ళు ఎవరైనా ఉన్నారా అని అక్కడ అడిగితే, ఉన్నది పెదనాయన ఒక్కడే. వాళ్ళంత మర్యాదగా అడిగితే కాదనడం బాగుండదని ఒప్పుకుని వచ్చాడు. రేపు గడ్డపార తీసుకుని మొదటి బస్సుకు పోతున్నాడు.